ముక్కు నీది, చూపు ఎవరిది?

ప్రశ్న: అక్కా, మాది కడప. వయసు 26, ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం. నా ముక్కు కొంచెం వెడల్పు. "వాళ్ల నాయన ముక్కే దిగింది" అని మా మేనత్త చిన్నప్పటి నుంచీ నలుగురిలో నవ్వేది. రెండు సంబంధాలు ఫొటో చూసి వెనక్కి పోయినాయి. సెల్ఫీ తీసుకుంటే నాకు ముక్కు తప్ప ఇంకేమీ కనపడదు. ఆపరేషన్ చేయించుకుంటానంటే "దేవుడిచ్చిన మొగాన్ని కోయించుకుంటావా" అని అమ్మ ఏడుస్తోంది. నాది తప్పా?

జవాబు: తప్పేమీ కాదు చెల్లీ. నీ చెవులు కుట్టించిన రోజు అమ్మకు దేవుడు గుర్తురాలేదు కదా! తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి కట్టే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది, ఇదేమీ కొత్తగా వచ్చిన పాపం కాదు. అమ్మ అసలు భయం మత్తుమందు, కత్తి, ఆపైన ఊర్లో వాళ్ల నోళ్లు. డాక్టరు దగ్గరికి ఆమెను కూడా తీసుకెళ్లు, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

సెల్ఫీని మాత్రం నమ్మొద్దు. ఫోన్ మొహానికి అడుగు దూరంలో పెట్టి తీస్తే, అయిదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. బ్యాంకులో ఫ్రెండుతో అయిదడుగుల దూరం నుంచి పగటి వెలుతురులో ఒక ఫొటో తీయించుకుని, అప్పుడు చూసుకో.

నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ముక్కు కాదు, మీ మేనత్త. ఆడపిల్ల తన ఒంటిని లోపలినుంచి కాకుండా చూసేవాళ్ల కళ్లతో చూసుకోవడానికి అలవాటు పడిపోతుందని బార్బరా ఫ్రెడ్రిక్సన్, టోమీ ఆన్ రాబర్ట్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో రాశారు, వాళ్లకు మన మేనత్తల సంగతి తెలియకపోయినా సరిగ్గా చెప్పారనిపిస్తుంది. పెళ్లిచూపుల ఫొటోలూ ఫోన్లో ఫిల్టర్ మొహాలూ దాన్నింకా ఎగదోస్తాయి. అందుకే ఒక్కటి అడుగుతున్నా, నిజం చెప్పుకో: ముక్కు సన్నబడ్డాక కూడా మూడో సంబంధం రంగు నచ్చలేదనో కట్నం చాలలేదనో పోతే, ఆపరేషన్ చేయించుకున్నందుకు నీకు సంతోషమేనా? అవునంటే అది నీ కోరిక, నిక్షేపంగా చేయించుకో. కాదంటే కత్తి పడాల్సింది ఆ ముక్కు మీద కాదు. మంచి సర్జన్ కూడా ఇదే అడుగుతాడు, అడగకుండా "గడ్డం కూడా సరిచేద్దామా" అన్నాడంటే లేచి వచ్చేయ్.

రోజూ గంటలకొద్దీ అద్దం ముందే ఉండటం, చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం, పెళ్లిళ్లకు పోవడం మానేయడం, ఇవి ఉంటే మాత్రం అది బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ కావచ్చు. ఒంట్లో లేని లోపమో చిన్న లోపమో పెద్దగా కనపడి మనసును తినేసే జబ్బు ఇది, నూటికి దాదాపు ఇద్దరిలో ఉంటుంది, ఆపరేషన్‌తో సాధారణంగా తగ్గదు, కౌన్సెలింగూ మందులూ పని చేస్తాయి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి, డబ్బులు అక్కర్లేదు.

ఇంకోటి, వాపు పూర్తిగా దిగి అసలు ఆకారం తేలడానికి ఏడాది దాకా పడుతుంది. వచ్చే నెల పెళ్లిచూపులు పెట్టుకుని ఈ నెల పరిగెత్తకు. అందం కోసం చేయించుకునే ఆపరేషన్‌కు మామూలుగా హెల్త్ ఇన్సూరెన్స్ రాదు, అదీ చూసుకో.

ప్రశ్న: మాది కర్నూలు. ఇద్దరు పిల్లలు పుట్టాక మా తోడికోడలు పొట్ట సర్జరీ చేయించుకుంది. ఇంట్లో ఆడవాళ్లమంతా వెనకాల ఒకటే మాటలు. ఆమె డబ్బు, ఆమె ఒళ్లు, నాకెందుకింత మంట?

జవాబు: అడిగారు కాబట్టి చెబుతున్నా, సగం కుళ్లే. మిగతా సగం, "మేమంతా భరించాం, నీకేం వచ్చింది" అనే కోపం. జుట్టుకు రంగు వేస్తాం, కనుబొమ్మలు తీయించుకుంటాం, ఫేషియల్ చేయించుకుంటాం, అవేవీ లెక్కలోకి రావు, పక్కావిడ ఒక మెట్టు పైకెక్కితే మాత్రం సోకు అనేస్తాం. కాన్పుల్లో పొట్ట కండరాలు విడిపోతే కొందరికి ఎంత వ్యాయామం చేసినా పూర్తిగా కలవవు, దాంతో నడుం నొప్పి కూడా ఉండొచ్చు. ఎందుకు చేయించుకుందో ఆమెనే అడిగి చూడండి. ఈలోగా ఆరు వారాల దాకా బరువులు ఎత్తకూడదని సాధారణంగా చెబుతారు కాబట్టి, నీళ్ల బిందె మీరే ఎత్తండి.