పన్నెండు సీట్ల బండి కొంటున్న మా వాడికి

చిరంజీవి నానాకి, పెద్దనాన్న ఆశీస్సులు.

కవిటి నుంచి పలాస కిడ్నీ ఆసుపత్రికి డయాలసిస్ వాళ్ళని తిప్పడానికి బండి కొంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చింది. భయపడి ఏడ్చిందో, సంతోషంతో ఏడ్చిందో నేను అడగలేదు. నాకూ రెండూ ఉన్నాయి మరి. ప్రాణం మీదికొస్తే 108 ఉంది. కాన్పయ్యాక ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. పోయాక తేవడానికి మహాప్రస్థానం ఉంది. బతికుండి వారానికి మూడుసార్లు మిషను మీద పడుకుని రావాల్సినవాడు మాత్రం ఆటో దగ్గర బేరమాడుకోవాలి. నీకు ఈ ఆలోచన వచ్చినందుకు గర్వంగానే ఉందిరా. కానీ నువ్వు మీ అమ్మకి చెప్పిన లెక్క విన్నాక నిద్ర పట్టలేదు.

ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పన్ను నీకు తెలిసినవే. కాంట్రాక్ట్ క్యారేజి పర్మిట్టు మీద దారిలో చెయ్యెత్తినవాళ్ళని ఎక్కించుకోకు. ఫుట్‌బోర్డు కిందికి ఉన్న బండి చూడు. సూదులు గుచ్చే చెయ్యి పట్టుకుని ఎవరినీ పైకి లాగకు. దాహమంటే జాలిపడి సీసా అందించకు, వాళ్ళకి నీళ్ళకీ కొలత ఉంటుంది.

ఇక లెక్క. ఊళ్ళు తిరిగి ఎక్కించుకుని, పలాస వెళ్ళొచ్చేసరికి నూట ఇరవై కిలోమీటర్లు అనుకో. లీటరుకి పది వస్తే పన్నెండు లీటర్లు. లీటరు వంద కింద వేసుకో, డీజిలే 1,200. డ్రైవరుకి 800. కిస్తీ, టైర్లు, ఇన్సూరెన్స్, రిపేర్లు కలిపి రోజుకి వెయ్యికి తగ్గవు. మొత్తం మూడు వేలు. పది మంది ఎక్కుతారు, తలకి 300 అన్నావంట. పది మంది ఎక్కడ్నుంచి వస్తార్రా? డయాలసిస్ మనిషి ఒంటరిగా వస్తాడా? పక్కన పెళ్ళామో కొడుకో ఉంటారు. పన్నెండు సీట్లంటే ఆరుగురు పేషంట్లు. అప్పుడు తలకి 500. నెలకి పన్నెండుసార్లంటే 6,000. డయాలసిస్ వాళ్ళకి సర్కారిచ్చే పింఛను 10,000. మందులు, తిండి, ఇల్లు మిగతా నాలుగు వేలల్లో. అంత ఇచ్చుకోగలిగితే వాళ్ళు నిన్నెందుకు చూస్తారు?

డయాలసిస్ వాళ్ళని తిప్పిన ట్రాక్స్ బండిని మీ నాన్న అమ్మేశాడని నీకు తెలుసు, ఎందుకో తెలీదు. అప్పుడు మనకి దగ్గర్లో మిషన్లు లేవు. శ్రీకాకుళం రిమ్స్, లేదంటే విశాఖ కేజీహెచ్ ఆసుపత్రులే. వంద కిలోమీటర్లు దాటిన దారి. మీ నాన్న లాభం చూసుకోలేదు. ఆ రోజు ఖర్చెంతయితే అంతా, ఆ రోజు వచ్చినవాళ్ళ మీద సమానంగా పంచేవాడు. దానికన్నా న్యాయం ఏముందని నాతో వాదించేవాడు. నేనూ అవునన్నాను.

మొదట్లో బాగానే సాగింది. తర్వాత ఒకాయన పోయాడు. ఆయన వాటా మిగతావాళ్ళ మీద పడింది. ఇంకొకాయన ఒంట్లో నలతగా ఉండి ఆసుపత్రిలో చేరాడు, మళ్ళీ పెరిగింది. ఎవడైనా రాకపోతే, పొద్దున్న బండి దగ్గర "ఏటయింది వాడికి?" అని అడగడం మానేసి, "ఈరోజు ఎంత పడుద్ది?" అని అడగడం మొదలెట్టారు. చెడ్డవాళ్ళు కాదురా, అందరూ మన తోటల్లో కష్టపడి బతికినవాళ్ళే.

వాళ్ళలో కొబ్బరి చెట్లెక్కే మనిషి ఒకడుండేవాడు. వాటా పెరిగిన వారం, "బాబూ, ఒంట్లో తేలిగ్గా ఉంది, ఈ శనివారం మానేస్తాను" అన్నాడు. మీ నాన్న నిజమే అనుకున్నాడు. తర్వాతి వారమూ అంతే. ఇద్దరు ముగ్గురు అతన్ని చూసి తామూ మానడం మొదలెట్టారు. మానినకొద్దీ మిగిలినవాళ్ళకి పెరుగుతుంది, పెరిగినకొద్దీ మానేస్తారు. ఒంట్లో నీరు చేరి, ఆయాసంతో ఒక రాత్రి ఆ మనిషి కూర్చునే పోయాడు. కర్మలయ్యాక మీ నాన్న బండి తాళం నా చేతిలో పెట్టి, అమ్మేయమన్నాడు. అంతకన్నా ఒక్క మాట చెప్పలేదు.

అందుకని చెప్తున్నాను, విను. వచ్చినవాళ్ళ మీద పంచకు. సీటుకి నెలకి ఇంత అని ఒకటే కట్టు. ఎవడు వచ్చినా రాకపోయినా పక్కవాడి డబ్బు మారకూడదు. ఖాళీ సీటు నష్టం నీది, లేదా ఊరిది. బయట ఉద్యోగాలు చేసుకుంటున్న మనోళ్ళు జెండా ఊపి ఫొటో దిగుతామంటే దండం పెట్టి, నెలకొక సీటు ఖర్చు అడుగు. ఫొటో దిగినంత సులువుగా ఇవ్వరులే, అయినా అడుగు.

ఇంకోటి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగూ ఎక్స్‌ప్రెస్సూ ఉచితం. మంచిదే, తోడొచ్చే ఆడవాళ్ళు బస్సులో వస్తే నీకు సీటు మిగులుద్ది. కానీ మగాడికి డబ్బిచ్చి నీ బండి ఎక్కించి, ఆడ పేషంటుని బస్సుకి నడిపించే ఇళ్ళుంటాయి. మిషను మీంచి లేచాక బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతుంటే, ఆవిడ బస్టాండులో ఎలా నిలబడుద్ది? ఆ ఇళ్ళకి నువ్వే వెళ్ళి మాట్లాడు.

వాళ్ళు మిషను మీదున్న ఆ నాలుగు గంటలూ బండి ఊరికే ఉందే అని నీకు ప్రాణం కొట్టుకుంటుంది. పలాసలో జీడి ఫ్యాక్టరీల సరుకు ఉంటే ఆ దగ్గర్లోనే తోలుకో. ఇచ్ఛాపురం పెళ్ళి బేరం ఒప్పుకుని, వాళ్ళు బయటికొచ్చేసరికి లేకుండా పోయావో, నేనే వచ్చి తాళం లాక్కుంటాను.

తెల్లారగట్ల షిఫ్టుకి ముందు రాత్రి తొమ్మిదికల్లా పడుకో. ఆర్టీసీలో హైవే మీద ఎన్నేళ్ళు తోలానో నీకు తెలుసు. లైట్లు లేకుండా ఆగున్న లారీ అంటే నాకు ఇప్పటికీ భయం. ఆవలింత వస్తే బండి పక్కకి తీసి దిగు, ఎవరేమన్నా సరే.

ఫైనాన్స్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టకు. ఆదివారం వాటిని పట్టుకుని రా, ఇద్దరం కూర్చుని చూద్దాం. మీ పెద్దమ్మ చేపల పులుసు పెడతానంటోంది. వచ్చేముందు కిడ్నీలకి చేసే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని ఆ కాగితం కూడా తీసుకురా. కిడ్నీ జబ్బుల ఉద్దానంలో పుట్టినోడివి, నువ్వూ చూసుకోవాలి. లేకపోతే పులుసు లేదు.

మీ పెద్దనాన్న