ప్రోమో, మీమ్, మా అమ్మ ఫోను

టీవీ షోలు సోషల్ మీడియాలో జనాన్ని ఎలా పట్టి ఉంచుతాయని అడిగారు కదా. కావలిలో డిగ్రీ చదివే రోజుల్లో నేనో సీరియల్ హీరోయిన్‌కి ఫ్యాన్ పేజీ నడిపాను. ఏ సీరియల్, ఏ ఛానెల్ అనేది వద్దులెండి.

పనంతా ప్రోమోదే. రాత్రి వచ్చే సీరియల్‌కి మధ్యాహ్నమే అర నిమిషం ముక్క వదులుతారు. హీరోయిన్ చెయ్యెత్తుతుంది, ఛెళ్లుమని మోత. ఎవరి చెంపో మాత్రం చూపించరు. మా అమ్మ చేపలు తోముతున్న చెయ్యి కడుక్కోకుండానే నా ఫోను లాక్కునేది. కింద కామెంట్లలో 'అత్తనే కొట్టింది' అని ఒకరు, 'కల అయ్యుంటుంది' అని ఇంకొకరు. రాత్రి చూస్తే కలే! "ఏంది అబ్బయ్యా, మళ్లీ కలేనా" అని తిట్టిపోసేది. ఆ తిట్లు కామెంట్లలో పడినా ఛానెల్‌కి లాభమే. గొడవ పెరిగేకొద్దీ పోస్టు ఇంకా నలుగురికి కనిపిస్తుంది.

మీమ్స్ కథ వేరు. కార్తీక దీపం సీరియల్ 2017లో మొదలై 2023 జనవరి దాకా సాగింది. ఒక్క ఎపిసోడ్ చూడని మా వీధి కుర్రాళ్లకి కూడా అందులోని జంట వంటలక్క, డాక్టర్ బాబు తెలుసంటే అదంతా మీమ్స్ చలవే. 2024లో అదే జంటతో కొత్త కథ మొదలైనప్పుడు వాళ్లెవరో ఎవరికీ చెప్పే పని లేకపోయింది.

బిగ్ బాస్‌లో ఓటు కూడా మన చేతిలోనే పెడతారు, ఇక ఆగుతామా? 2018 రెండో సీజన్‌లో కౌశల్ అనే పోటీదారు ఫ్యాన్స్, అదే కౌశల్ ఆర్మీ, చేసిన హడావుడి గుర్తుందిగా, చివరికి కౌశలే గెలిచాడు. నెల్లూరులో మా పిన్ని కూతురు ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ముందేసుకుని ఓటు కోసం మిస్డ్ కాల్స్ కొట్టేది. మా బాబాయి ఆఫీసు ఫోనుతో సహా.

ఇక నా పేజీ. మేం చేసే ఎడిట్లకి ఛానెల్ వాళ్లే లైక్ కొట్టేవాళ్లు. ఆ ధీమాతో ఓ రాత్రి ఎపిసోడ్ ఆఖరి మూడు నిమిషాలు యథాతథంగా పెట్టేశాను. తెల్లారేసరికి కాపీరైట్ దెబ్బకి పేజీ గల్లంతు. ఫోటోలు, మీమ్స్ అయితే చూసీ చూడనట్టు వదిలేస్తారు గానీ, ఎపిసోడ్ ముక్క జోలికి మాత్రం పోకండి.

పేజీ పోయిందంటే అమ్మ అడిగిన మొదటి మాట, "అయితే ఇయ్యాల ప్రోమో యాడ చూడాల?" ఛానెల్ వాళ్ల పేజీకే ఫాలో కొట్టి ఫోను చేతికిచ్చాను.