కామెడీ అంటే నాటకం అని ఎందుకు వినిపిస్తోంది?

చైనీస్ నేర్చుకుంటూ మీరు ఆ భాషలో కామెడీ ఇష్టమని చెబితే టీచరు ‘ఏ నాటకం?’ అని అడగడానికి కారణం, చాలావరకు మొదటి అక్షరపు స్వరమే, అంటే దాన్ని పలికేటప్పుడు గొంతు లేచే, దిగే తీరే. చైనీస్‌లో కామెడీని ‘శీజ్యూ’ అంటారు. ఇందులో ‘శీ’ది మూడవ స్వరం, ‘జ్యూ’ది నాలుగవ స్వరం. రెండింటినీ నాలుగవ స్వరంలోనే పలికితే అది నాటకకళ అనే వేరే మాట అవుతుంది.

1. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మూడవ స్వరం దిగి మళ్లీ లేస్తుందని పాఠాల్లో నేర్పుతారు గానీ, నాలుగవ స్వరానికి ముందు అది లేవదు. కాబట్టి ‘శీ’ని గొంతు అడుగునే ఉంచి, ‘జ్యూ’ను పైస్థాయిలో మొదలుపెట్టి ఒక్కసారిగా దించండి.

2. ‘జ్యూ’ పలికేటప్పుడు నాలుకను ‘ఈ’ స్థానంలో ఉంచి, పెదవులను మాత్రమే ‘ఊ’కు చుట్టినట్లు చుట్టాలి.

3. రాతలో పొరపాటు రాకుండా, ‘శీ’ అంటే సంతోషమని, పెళ్లిళ్లలో జంటగా అతికించే ఎర్రని అక్షరం అదేనని గుర్తుంచుకోండి.

4. ఒక కామెడీ సినిమా అనడానికి ‘ఈ బూ శీజ్యూ ఫ్యెన్’ అనాలి. మనం ‘వాడు భలే కామెడీ’ అన్నట్లు మనిషికి ఈ మాటను సాధారణంగా వాడరు. అక్కడ నవ్వు పుట్టించే అనే అర్థమున్న ‘గావ్‌శ్యావ్’ సరిపోతుంది.