ఎంపీ3 పాటను నాణ్యత తగ్గకుండా కత్తిరించడం ఎలా?

ప్రశ్న: మా అమ్మమ్మ నెల్లూరు నుంచి మద్రాసుకు కాపురానికి వచ్చిన మనిషి. ఆవిడ పాడిన నలుగు పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు రెండు తొంభై నిమిషాల క్యాసెట్లలో ఉండేవి. వాటిని ఇక్కడ ఒక దుకాణంలో ఇస్తే, క్యాసెట్టు ఒక్కో వైపును ఒక్కో ఎంపీ3 ఫైలుగా 128 కేబీపీఎస్‌లో (సెకనుకు 128 వేల బిట్ల సమాచారంతో) చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. క్యాసెట్లు మాత్రం టేపు నలిగిపోయిందంటూ తిరిగి ఇవ్వలేదు. పాటలను విడదీద్దామని నేను ధ్వనిని సవరించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫైలు తెరిచి, మొదటి పాట కత్తిరించి సేవ్ చేశాను. దాన్నే మళ్ళీ తెరిచి చివర వచ్చిన దగ్గు తీసేశాను, ఇంకోసారి తెరిచి ముందున్న మాటలు తీసేశాను. ఇప్పుడు తాళాల చప్పుడు నీళ్ళలోంచి వస్తున్నట్టు వినిపిస్తోంది. డబ్బు పెట్టకుండా, పాట చెడకుండా విడదీసే దారి ఉందా?
— ఒక పాఠకురాలు, విల్లివాక్కం, చెన్నై

జవాబు: ఉంది. అయితే దాని జోలికి వెళ్ళేముందు పెన్‌డ్రైవ్‌లోని నాలుగు ఫైళ్ళనూ మరో రెండు చోట్ల కాపీ చేసి పెట్టుకోండి. క్యాసెట్లు చేజారాయి కనుక ఇకమీదట మీకు మూలప్రతులు అవే. చెడింది మీరు సేవ్ చేసిన ముక్కలే గాని ఆ మూలప్రతులు కావు.

ఆడాసిటీ 2000వ సంవత్సరం నుంచీ అందుబాటులో ఉన్న మంచి ఉచిత సాఫ్ట్‌వేర్. తప్పు దానిది కాదు. అది ఎంపీ3 ఫైలును తెరిచేటప్పుడు కుదింపు విప్పి మామూలు ధ్వనిగా మారుస్తుంది, తిరిగి ఎంపీ3గా ఇచ్చేటప్పుడు మళ్ళీ మొదటి నుంచి కుదిస్తుంది. చెవి గుర్తుపట్టదనుకున్న ధ్వనులను వదిలేయడమే ఎంపీ3 కుదింపు కిటుకు కాబట్టి, మీరు సేవ్ చేసిన మూడుసార్లూ పాట మీద అలాంటి కోత పడింది. తాళాలు, మువ్వలు, మాటల్లోని సకారాలు ముందుగా దెబ్బతింటాయి. ఈసారి 320 కేబీపీఎస్‌లో సేవ్ చేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. దానివల్ల కొత్తగా కలిగే నష్టం తగ్గుతుందే గాని పోయింది తిరిగి రాదు. 45 నిమిషాల ఫైలు మాత్రం 43 ఎంబీ నుంచి 108 ఎంబీకి ఉబ్బుతుంది. పలచని మజ్జిగను పెద్ద గిన్నెలోకి మార్చినంత మాత్రాన అది పెరుగైపోదు.

ఎంపీ3 ఫైలు నిజానికి ఒకే ముద్ద కాదు, ఫ్రేములనే చిన్న చిన్న ముక్కల వరుస. సీడీ నాణ్యతకు వాడే 44.1 కిలోహెర్ట్జ్ రికార్డింగులో ఒక్కో ఫ్రేము 1152 శాంపిళ్ళతో (ధ్వని కొలతలతో), సుమారు 26 మిల్లీసెకన్ల నిడివితో ఉంటుంది. అంటే సెకనుకు 38 ఫ్రేములు. మీ పేటలో పూలమ్మే ఆవిడ మూర మల్లెపూలు కొలిచి ముడికీ ముడికీ మధ్య దారం తెంపుతుందే గాని పువ్వును కోయదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎంపీ3ని అదే పద్ధతిలో ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య తెంపుతాయి. లోపలి సమాచారాన్ని విప్పి మళ్ళీ కుదించవు కనుక, నాణ్యత తగ్గే ప్రసక్తే లేదు.

విండోస్ కంప్యూటర్ అయితే ఎంపీ3డైరెక్ట్‌కట్ అనేదాన్ని తెచ్చుకోండి. చాలా చిన్నది, ఉచితం. విండోస్ సాఫ్ట్‌వేర్లను లినక్స్‌లో నడిపించే వైన్ సాయంతో అక్కడా నడుస్తుంది. ఫైలు తెరవగానే ధ్వని తరంగం బొమ్మ కనిపిస్తుంది. పాటకూ పాటకూ మధ్య అమ్మమ్మగారు ఊపిరి పీల్చుకున్న చోట ఆ గీత సన్నగా అయిపోతుంది. పాట మొదలయ్యే చోట ఒక గుర్తు, ముగిసే చోట ఒక గుర్తు పెట్టి, ఎంచుకున్న భాగాన్ని మాత్రమే సేవ్ చేసే ఆదేశం ఇవ్వండి. నాలుగు నిమిషాల పాట కన్ను మూసి తెరిచేలోగా సేవ్ అవుతుంది. అంత త్వరగా అయిందంటే మళ్ళీ కుదింపు జరగలేదని అర్థం. పాటల మధ్య క్యూ గుర్తులు పెట్టుకుంటూ వెళ్ళి, చివర ఒకేసారి అన్నింటినీ విడి ఫైళ్ళుగా విడగొట్టే సౌకర్యం కూడా ఇందులో ఉంది.

ఒక్క జాగ్రత్త. ఒక ఫ్రేముకు కావలసిన సమాచారం కొంత దాని ముందు ఫ్రేముల్లో దాగి ఉండవచ్చు. 511 బైట్ల వెనక్కి దాకా చూసుకునే వీలు ఎంపీ3లో ఉంది. సరిగ్గా పాట మొదటి అక్షరం దగ్గర తెంపితే ఆ అరువు సమాచారం అందక తొలి ఫ్రేము మూగబోవచ్చు, లేదా చిన్న టిక్కుమనే చప్పుడు రావచ్చు. అందుకని పాటకు ముందు అర సెకను నిశ్శబ్దం వదిలి తెంపండి. ఇక ఆ దగ్గు, ముందున్న మాటల సంగతి మీ ఇష్టం. నేనైతే వాటిని ఉంచేసేవాణ్ణి.

ప్రశ్న: అదే ఫైళ్ళలో ఒకటి మరీ సన్నగా వినిపిస్తోంది. శబ్దం పెంచాలన్నా, టేపు సరసర తగ్గించాలన్నా మళ్ళీ ఆడాసిటీయేనా?
— అదే పాఠకురాలు

జవాబు: ఈ రెండూ వేరు వేరు పనులు. ప్రతి ఫ్రేములోనూ శబ్ద స్థాయిని తెలిపే అంకె ఒకటి ఉంటుంది. ఎంపీ3డైరెక్ట్‌కట్ ఆ అంకెను మాత్రమే మార్చగలదు కాబట్టి, 1.5 డెసిబెళ్ళ మెట్లలో శబ్దం పెంచినా తగ్గించినా నాణ్యతకు ఏమీ కాదు. మరీ పెంచితే గట్టిగా పాడిన చోట గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. అప్పుడు ఒక మెట్టు దించండి. సరసర తగ్గించడం మాత్రం ఫ్రేము విప్పకుండా సాధ్యపడదు, దానికి ఆడాసిటీ తప్పదు. అప్పుడు కూడా మార్పులన్నీ ఒకే విడతలో చేసి, ఫలితాన్ని ఫ్లాక్ రూపంలో దాచుకోండి. ఫ్లాక్ కుదిస్తుంది గాని ఏదీ పారేయదు. బంధువుల ఫోన్లకు పంపడానికి ఎంపీ3 కావాలంటే ఆ ఫ్లాక్ నుంచి ఒక్కసారి చేసుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: మైలాపూర్‌లో మా అమ్మాయి చేసిన కచేరీని ఫోన్‌లో రికార్డు చేశాను. రెండు గంటల ఎం4ఏ ఫైలు వచ్చింది. నా దగ్గర ఉన్నది మ్యాక్. అందులోని కీర్తనలను నాణ్యత తగ్గకుండా విడదీయడం ఎలా?
— ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై

జవాబు: మీకు లాస్‌లెస్‌కట్ అనే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఎం4ఏలో సాధారణంగా ఉండేది ఏఏసీ అనే పద్ధతిలో కుదించిన ధ్వని. అందులోనూ ఫ్రేములే, ఒక్కోదానిలో 1024 శాంపిళ్ళు. ఫైలును దాని విండోలోకి లాగి వదిలి, కీర్తన మొదట్లో కీబోర్డు మీద I అక్షరం, చివర O అక్షరం నొక్కి, తర్వాత E అక్షరంతో ఎగుమతి చేయండి. లోపల పనిచేసేది ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మరో సాఫ్ట్‌వేర్. ధ్వనిని విప్పకుండా ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తుంది. కమాండ్లు టైపు చేయడం అలవాటున్నవారు నేరుగా ఎఫ్ఎఫ్ఎంపెగ్‌నే వాడవచ్చు, కోడెక్ (కుదింపు పద్ధతి) దగ్గర కాపీ (copy) అని ఇవ్వడం మాత్రం మరవకూడదు. లాస్‌లెస్‌కట్‌ను యాప్ స్టోర్‌లో ధర పెట్టి అమ్ముతున్నారు. అదే సాఫ్ట్‌వేర్ గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది, అక్కడి నుంచి దించుకోండి.