ముందు ఇంట్లో ఉన్న కీబోర్డ్ వెనక్కి తిప్పి చూడు

ప్రశ్న: అన్నా, నేను అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటున్నా. స్కూల్లో ఉన్నప్పుడు మూడేళ్లు కీబోర్డ్ నేర్చుకున్నా. ఇప్పుడు ఫ్రెండ్స్ తీసే షార్ట్ ఫిల్మ్‌లకి ల్యాప్‌టాప్‌లో ఎఫ్‌ఎల్ స్టూడియో పెట్టుకుని మ్యూజిక్ చేస్తున్నా. మౌస్‌తో ఒక్కో నోటూ పెట్టుకుంటూ కూర్చోవడం విసుగ్గా ఉంది. 8 వేలలోపు మిడి కీబోర్డ్ కొందామంటే షాపతను 25 కీలు, బీట్లు కొట్టే ప్యాడ్లు ఉన్నది తీసుకోమంటాడు, మా రూమ్మేటేమో 88 కీలకి తక్కువైతే దండగంటాడు. నల్గొండలో ఇంట్లో పాత యమహా పీఎస్‌ఆర్ కీబోర్డ్ అటక మీద పడి ఉంది. అది అమ్మేసి ఆ డబ్బు కూడా కలపనా?
– ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: అమ్మేయకు తమ్ముడూ. ఈసారి ఊరెళ్లినప్పుడు అటక మీంచి దింపి, దుమ్ము తుడిచి, వెనక్కి తిప్పి చూడు. యూఎస్‌బీ టు హోస్ట్ అని రాసి, ప్రింటర్ కేబుల్ పట్టే చదరపు రంధ్రం ఉంటే నీ దగ్గర మిడి కీబోర్డ్ ఉన్నట్టే. ఆ కేబుల్ సికింద్రాబాద్ సీటీసీలోనో కోఠి గుజరాతీ గల్లీలోనో ఎక్కడైనా దొరుకుతుంది. మిడి కంట్రోలర్‌లో అసలు శబ్దమే ఉండదు, ఏ మెట్టు నొక్కావు, ఎంత గట్టిగా నొక్కావు, ఎప్పుడు వదిలావు అన్న కబురు ల్యాప్‌టాప్‌కి పంపడమే దాని పని, పలికేదంతా సాఫ్ట్‌వేరే. ఈ భాష 1983 నుంచీ ఉన్నదే కాబట్టి పాత కీబోర్డ్‌లకీ వచ్చు. చదరపు రంధ్రం బదులు గుండ్రంగా ఐదు పిన్నుల సాకెట్లు ఉంటే మధ్యలో యూఎస్‌బీ మిడి కేబుల్ ఒకటి కావాలి, మరీ చవకది కొనకు, వేగంగా వాయిస్తే నోట్లు మింగేస్తుంది.

అయితే రెండు చిక్కులున్నాయి. తక్కువ రకం మోడళ్లలో టచ్ రెస్పాన్స్ ఉండదు, మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినా ఒకటే. రెండోది, చిన్న మోడళ్లలో చాలావాటికి పిచ్ వీల్, అంటే శృతిని పైకీ కిందికీ జార్చే చక్రం, ఉండదు, మనవాళ్లకి అసలు గోల అక్కడే. ఇంగ్లిష్ వీడియోల్లో ప్యాడ్లూ లైట్లూ చూపిస్తారు గానీ గమకం సంగతి ఎవరూ మాట్లాడరు. ఫ్లూట్ బిట్ వేద్దామని కూర్చుంటే, వీల్ లేకపోతే అది హార్మోనియంలాగే వినిపిస్తుంది. మామూలుగా వీల్ పైకి రెండు మెట్లు, కిందికి రెండు మెట్లు (నల్లవీ కలిపి లెక్క) లాగుతుంది. సి శృతిలో తోడి గాంధారం నొక్కి ఊపితే కింద శుద్ధ రిషభం దాకా, పైన శుద్ధ మధ్యమం దాకా వెళ్తుంది, దానికది చాలు. పెద్ద జారు కావాలంటే సాఫ్ట్‌వేర్ వాయిద్యంలో బెండ్ రేంజ్ 12 మెట్లు పెట్టుకో.

కాబట్టి యమహాతో ఓ నెల చేసి చూడు, చాలదనిపిస్తేనే కొను. కొంటే మాత్రం 49 కీలు, పెద్ద సైజు మెట్లు, నిజమైన వీల్స్ రెండు (పిచ్, మాడ్యులేషన్) ఉన్నది తీసుకో. ఎం-ఆడియో కీస్టేషన్ 49 అలాంటిదే, ప్యాడ్లు లేవు, పోతే పోనీ. షాపతను చూపించింది అకాయ్ ఎంపీకే మినీ లాంటిదై ఉంటుంది. చెడ్డదని అనను, బీట్లు చేసేవాళ్లకి బంగారం. కానీ మూడేళ్లు పెద్ద మెట్ల మీద నేర్చుకున్న వేళ్లు ఆ సన్నటి మెట్ల మీద తడబడతాయి. పైగా అందులో చాలా మోడళ్లకి వీల్స్‌కి బదులు జాయ్‌స్టిక్ ఉంటుంది, వదలగానే నడిమికి వచ్చేస్తుంది. స్ట్రింగ్స్ మెల్లగా పెంచుకుంటూ పోవడానికి మాడ్యులేషనే వాడతాం కదా, వేలు తీసిన మరుక్షణం వయొలిన్లన్నీ చతికిలబడతాయి. వీల్ అయితే పెట్టిన చోటే ఉంటుంది. ఇక 88 కీలంటావా, మీ రూమ్మేట్ పియానో వాయిస్తాడా? 49 కీలదే రెండున్నర అడుగుల పైన ఉంటుంది, ముందు హాస్టల్ టేబుల్ టేపు పెట్టి కొలువు.

డబ్బు చాలక సెకండ్‌హ్యాండ్‌కి వెళ్తే ల్యాప్‌టాప్ పట్టుకెళ్లు. నేను ఓసారి మెట్రో స్టేషన్ మెట్ల మీద, కేబుల్ పెడితే లైటు వెలిగింది చాలనుకుని డబ్బులిచ్చి వచ్చేశా. ఇంటికొచ్చి చూస్తే మధ్య స్థాయి పంచమం ఎంత మెల్లగా తాకినా 127, అంటే ఫుల్ దెబ్బ. జోలపాట వాయిస్తుంటే మధ్యలో తలుపు బాదినట్టు! అందుకే ప్రతి మెట్టూ ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కి పియానో రోల్ (నోట్లు కనిపించే విండో) కింద గీతలు చిన్నా పెద్దా అవుతున్నాయో లేదో చూడు, వీల్ వదిలితే శృతి సరిగ్గా నడిమికి వస్తుందో లేదో విను, కేబుల్ కాస్త కదిపి చూడు.

ఇంకోమాట, ఎఫ్‌ఎల్ ట్రయల్‌లోనే చేస్తుంటే జాగ్రత్త, సేవ్ అవుతుంది గానీ కొనేదాకా ఆ ప్రాజెక్ట్ మళ్లీ సరిగ్గా తెరుచుకోదు. మిగిలిన డబ్బు దానికి పెట్టు.

ప్రశ్న: సార్, పదో తరగతి చదివే మా అమ్మాయికి 32 కీల మిడి కీబోర్డ్ కొన్నాం. నొక్కిన కాసేపటికి గానీ శబ్దం రావడం లేదు. బోర్డు పాడైందా? వాపసు ఇచ్చేయాలా?
– ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: టెన్షన్ పడకండమ్మా, తప్పు బోర్డుది కాకపోవచ్చు. పాప బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో వింటోందా? బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, సినిమా చూసేటప్పుడు తెలియదు గానీ వాయించేటప్పుడు తెలిసిపోతుంది. ముందు వైరు ఉన్నది పెట్టి చూడండి. అప్పటికీ ఉంటే, విండోస్ ల్యాప్‌టాప్ అయితే ఆసియో ఫర్ ఆల్ (ASIO4ALL) అనే ఉచిత డ్రైవర్ వేసి, సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగ్స్‌లో దాన్ని ఎంచుకుని, బఫర్ (శబ్దాన్ని బయటికి పంపేముందు ల్యాప్‌టాప్ పోగుచేసుకునే ముక్క సైజు) తగ్గించండి. 44,100 శాంపిల్ రేటు దగ్గర బఫర్ 2048 ఉంటే దానివల్లే 46 మిల్లీసెకన్లు పోతాయి, 256కి దించితే 6 లోపే. మరీ దించితే చిటపటలు వస్తాయి, అప్పుడు ఒక మెట్టు పెంచండి. వాపసు గడువు అయ్యేలోపు ఈ రెండూ చేసి చూడండి.