ఎప్‌సెట్‌లో 31 వేల ర్యాంకు: మేనేజ్‌మెంట్ సీటుకి అడ్వాన్స్ కట్టాలా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. చిన్న టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. మా పాపకు ఇంటర్ ఎంపీసీలో 962 మార్కులు వచ్చాయి. ఎప్‌సెట్‌లో మాత్రం 31 వేల ర్యాంకు. మేము బీసీ-బీ. కౌన్సెలింగ్‌లో మంచి కాలేజీ రాదని, ఇప్పుడే అడ్వాన్స్ కట్టి ఒరిజినల్ మెమో, టీసీ ఇస్తే హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ ఇప్పిస్తానని ఒక కన్సల్టెన్సీ ఆయన వెంటపడుతున్నాడు. ఇంకో భయం కూడా ఉంది. మా అన్న కొడుకు ఫస్టియర్‌లోనే క్రెడిట్లు చాలక డిటైన్ అయ్యాడు. ఆటానమస్ కాలేజీ అయితే అందరినీ పాస్ చేసేస్తారట, నిజమేనా? మా పాపని ఎక్కడ చేర్పించమంటారు?

జవాబు: ముందు అడ్వాన్స్ సంగతి. కట్టకండి. మెమో, టీసీ ఒరిజినల్స్ ఆయన చేతికి ఇవ్వకండి. కన్వీనర్ కోటా కౌన్సెలింగ్ అన్ని విడతలూ పూర్తయ్యేదాకా ఈ మాట మీద గట్టిగా ఉండండి. ఆయన ఎన్నిసార్లు ఫోన్ చేసి "సీట్లు అయిపోతున్నాయి" అన్నా టెన్షన్ పడకండి.

ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో ర్యాంకును బట్టి నిండుతాయి. మిగిలిన 30 శాతమే బీ కేటగిరీ, అంటే మీరంటున్న మేనేజ్‌మెంట్ కోటా. అందులో ఎన్నారై వాటా పోగా మిగిలిన సీట్లను కూడా కాలేజీ నోటిఫికేషన్ ఇచ్చి, దరఖాస్తులు తీసుకుని, జేఈఈ మెయిన్, ఎప్‌సెట్ ర్యాంకుల వరుసలోనే ఇవ్వాలి. డొనేషన్ వసూలు చేయడం 1983లో వచ్చిన క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం ప్రకారం నేరం. అందరూ తీసుకుంటున్నారు కదా అని అది న్యాయం అయిపోదు. మీ ఇంటికి సంబంధించి ఇంకా పెద్ద విషయం, ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో చేరినవాళ్లకే వస్తుంది. బీ కేటగిరీలో చేరితే ఆ దారి నాలుగేళ్లకూ మూసుకుపోతుంది. 10 వేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థులకు పూర్తి ఫీజు వస్తుంది. అది దాటితే ఏడాదికి 35 వేల దాకా వస్తుంది, మిగతాది మీరు కట్టుకోవాలి. ఆ 35 వేలే నాలుగేళ్లు కలిపితే 1 లక్ష 40 వేలు. షాపు మీద బతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

ఒరిజినల్స్ విషయంలో కూడా భయపడాల్సింది లేదు. కాలేజీలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. చూసి, సరిపోల్చుకుని వెనక్కి ఇచ్చేయాలి. కాలేజీకే లేని హక్కు మధ్యవర్తికి ఎక్కడిది? ఒకసారి ఆయన చేతిలో పడితే, రేపు కౌన్సెలింగ్‌లో మంచి సీటు వచ్చినా రిపోర్ట్ చేయడానికి మెమో ఉండదు. వాళ్లకు కావాల్సిందీ అదే.

ఇప్పుడు ర్యాంకు. 31 వేలు అనగానే మీకు గుండె జారినట్టుంది. ఎప్‌సెట్ వెబ్‌సైట్‌లో కిందటేడాది లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ ఉంటుంది. డౌన్‌లోడ్ చేసి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ప్రతి కాలేజీకి, ప్రతి బ్రాంచికి ఒక్కో వరుస ఉంటుంది. ఆ వరుసలో ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్ దగ్గర మొదలుపెట్టి అన్ని కేటగిరీలకూ విడివిడిగా చివరి సీటు ఏ ర్యాంకుకి వెళ్లిందో రాసి ఉంటుంది. మీరు చూడాల్సింది బీసీ-బీ గర్ల్స్ గడి ఒక్కటే. బీసీ-బీకి 10 శాతం సీట్లున్నాయి, ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు ఆడపిల్లలకు. చాలామంది తల్లిదండ్రులు మొదటి గడిలో ఓసీ బాయ్స్ ర్యాంకు చూసి "మనకి రాదు" అని కాగితం మూసేస్తారు. ఆ గడి మీది కాదు. అలాగే ఈ అంకెలు ఏటా కొంత అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి మీ ర్యాంకు కంటే కొంచెం ముందున్నవి కూడా వదలకండి.

వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీ, బ్రాంచిల జాబితా ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు జరిగే పొరపాట్లే పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్నాయి, అందుకే ఇది కాస్త వివరంగా చెబుతాను. కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరినీ పిలుస్తుంది. మీ అమ్మాయి వంతు వచ్చినప్పుడు ఆమె ఇచ్చిన మొదటి ఆప్షన్‌లో ఆమె కేటగిరీకి సీటుందా అని చూస్తుంది. లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. ఎక్కడ ఉంటే అక్కడ ఇచ్చేసి ఆగిపోతుంది, దాని కింద ఉన్నవాటిని చూడనే చూడదు. దీన్నిబట్టి రెండు సంగతులు. రాదేమో అనిపించే కాలేజీని పైన పెట్టినందువల్ల కింది ఆప్షన్లకు నయాపైసా నష్టం లేదు. కానీ "ఇది గ్యారంటీగా వస్తుంది" అని మామూలు కాలేజీని పైన పెడితే అదే వస్తుంది, ఇక కింద ఎంత మంచిది ఉన్నా లాభం లేదు. కాబట్టి వచ్చే అవకాశాన్ని బట్టి కాదు, ఇష్టాన్ని బట్టి వరుస పెట్టండి. పదో ఇరవయ్యో పెట్టి ఆపేయకండి, వంద పెట్టినా తప్పు లేదు. అయితే చేరడానికి సిద్ధంగా లేని కాలేజీని మాత్రం జాబితాలో అసలు పెట్టకండి.

2025లో మొదటి విడతలో మాక్ అలాట్‌మెంట్ కూడా ఇచ్చారు. అంటే అసలు కేటాయింపుకి ముందే నమూనాగా ఏ సీటు వస్తుందో చూపించి, ఆప్షన్లు మార్చుకోవడానికి సమయం ఇచ్చారు. ఈసారీ ఆ అవకాశం ఉంటే తప్పకుండా వాడుకోండి.

మొదటి విడతలో సీటు వస్తే, చెప్పిన గడువులోపు ట్యూషన్ ఫీజు చెల్లించి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి. చేయకపోతే ఆ సీటు పోతుంది. తర్వాతి విడతలో ఇంకా మెరుగైన దాని కోసం ప్రయత్నించవచ్చు, కానీ అక్కడ కొత్త సీటు వచ్చిందంటే పాతది ఆటోమేటిక్‌గా రద్దై ఇంకొకరికి వెళ్లిపోతుంది. "పాతదే బాగుంది, అదే ఇవ్వండి" అంటే కుదరదు. అందుకని రెండో విడతలో, చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా మంచివి అనుకున్నవే పెట్టండి.

నెట్ సెంటర్‌లో ఆప్షన్లు పెట్టించుకుంటే పాస్‌వర్డ్, ఓటీపీ అక్కడ వదిలి రాకండి. ఆప్షన్లు ఫ్రీజ్ (ఖరారు) చేశాక ప్రింట్ తీసుకుని, వరుస మీరు రాసుకున్నట్టే ఉందో లేదో ఒక్కో కోడ్ చూసుకోండి. సీఎస్‌ఈ, సీఎస్ఎం, సీఎస్‌డీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మొదటిది మామూలు కంప్యూటర్ సైన్స్, రెండోది ఏఐ-ఎంఎల్, మూడోది డేటా సైన్స్.

ఎక్కడ చేర్పించాలన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ జిల్లాలోనే నాచుపల్లిలో జేఎన్‌టీయూ సొంత కాలేజీ ఉంది. మంథనిలో ఇంకొకటి ఉంది. ఇంటి దగ్గర కాలేజీ కదా అని చిన్నచూపు చూడకండి. హైదరాబాద్ శివార్లలో పేరు తెలియని కాలేజీలో సీఎస్‌ఈ కంటే ఇలాంటి చోట ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) అయినా నేను ముందు పెడతాను. ప్రైవేటు కాలేజీలు పెట్టేటప్పుడు మీరు ఒకసారి స్వయంగా వెళ్లి, సెకండియర్ పిల్లలతో మాట్లాడండి. ల్యాబులు నిజంగా జరుగుతున్నాయా, కిందటి సెమిస్టర్‌లో లెక్కల పేపర్ ఎంతమందికి పోయింది అని అడగండి. ఆఫీసులో ఇచ్చే రంగుల బ్రోచర్‌లో ఆ సంగతి ఉండదు.

ఇక మీ రెండో భయం. మీ అన్నగారి అబ్బాయికి జరిగింది ఎంతోమంది ఇళ్లలో జరుగుతోంది, దానికి కారణం తెలివి లేకపోవడం కాదు. పాస్ అవడానికి ఏం కావాలో ఫస్టియర్‌లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడం. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022-23లో తెచ్చిన ఆర్22 నిబంధనలనే ఉదాహరణగా తీసుకుందాం. థియరీ సబ్జెక్టుకి 100 మార్కులు. అందులో ఇంటర్నల్స్‌కి 40, సెమిస్టర్ చివరి పరీక్షకి 60. ఇంటర్నల్స్‌లో కనీసం 14, చివరి పరీక్షలో కనీసం 21 రావాలి. 14, 21 కలిపితే 35. కానీ మొత్తం 40 రాకపోతే పాస్ కాదు! రెండుచోట్లా గట్టెక్కి కూడా సబ్జెక్టు పోగొట్టుకున్నవాళ్లు ఇలాగే పోగొట్టుకున్నారు. అదే ఇంటర్నల్స్‌లో 28 తెచ్చుకున్న అమ్మాయికి చివరి పరీక్షలో 21 వచ్చినా చాలు. ఇంటర్నల్స్‌లో మిడ్‌లు, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు, రెండు ఉంటాయి, వాటి సగటు తీస్తారు. మొదటి మిడ్ కాలేజీకి వెళ్లిన కొద్ది వారాలకే వచ్చేస్తుంది, పిల్లలు అప్పటికి హాస్టల్ తిండికి కూడా అలవాటు పడి ఉండరు. ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

ప్రతి సబ్జెక్టుకీ ఇన్ని పాయింట్లని ఉంటాయి, వాటినే క్రెడిట్లు అంటారు. పాసైన సబ్జెక్టుకే క్రెడిట్లు, పోయినదానికి ఒక్కటీ రాదు. ఆర్22లో నాలుగేళ్లకు 160 క్రెడిట్లు. ఫస్టియర్‌లో ఉన్న 40లో కనీసం 20 రాకపోతే సెకండియర్‌కి పంపరు. సెకండియర్ నుంచి థర్డియర్‌కి వెళ్లాలంటే అప్పటిదాకా ఉన్న 80లో 48 ఉండాలి. మీ అన్నగారి అబ్బాయి ఆగిపోయింది ఇలాంటి గీత దగ్గరే. అయినా చదువు అయిపోయినట్టు కాదు, సప్లిమెంటరీల్లో ఆ సబ్జెక్టులు పాసై క్రెడిట్లు తెచ్చుకుంటే మళ్లీ ముందుకు వెళ్లవచ్చు. ఆ మాట మీ అన్నగారికి నా తరఫున చెప్పండి.

హాజరు ఇంకో గీత. 75 శాతం ఉండాలి. 65కి, 75కి మధ్య ఉంటే సరైన కారణం చూపించి కండోనేషన్ ఫీజు కడితే కాలేజీ మన్నించవచ్చు. 65 కంటే తగ్గితే మెడికల్ సర్టిఫికెట్ తెచ్చినా ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు.

ఆటానమస్‌లో అందరినీ పాస్ చేస్తారన్న మాట నమ్మకండి. సిలబస్ తయారు చేసుకోవడం, ప్రశ్నపత్రం ఇవ్వడం, పేపర్లు దిద్దించడం కాలేజీయే చేసుకుంటుంది, పట్టా మాత్రం యూనివర్సిటీ ఇస్తుంది. కొన్ని ఆటానమస్ కాలేజీల్లో సిలబస్ ఎప్పటికప్పుడు మారుతుంది, చదువూ బాగుంటుంది. కొన్నింటిలో రూల్స్ యూనివర్సిటీ కంటే కఠినంగా ఉంటాయి. అందుకే అలాట్‌మెంట్ రాగానే ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ ఏడాది బ్యాచ్‌కి వర్తించే అకడమిక్ రెగ్యులేషన్స్ పుస్తకం తీసి చదివించండి. సీనియర్ల బ్యాచ్ లెక్కలు మీ అమ్మాయి బ్యాచ్‌కి సరిపోకపోవచ్చు.

ఒక మాట మీ అమ్మాయికి. తెలంగాణలో ఇంటర్ వెయిటేజీ తీసేశారు కాబట్టి నీ 962 ర్యాంకులో కలవలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో రాసినవాళ్లకైతే 25 శాతం కలిసింది. బాధగానే ఉంటుంది. కానీ ఎప్‌సెట్ అంటే 3 గంటల్లో 160 బిట్లు. సెమిస్టర్ పరీక్ష అలా ఉండదమ్మా. యూనిట్‌కి ఒక పెద్ద ప్రశ్న, స్టెప్పులు వేసి పూర్తిగా రాయాలి. ఇంటర్‌లో నువ్వు రాసి మార్కులు తెచ్చుకున్నది అలాంటి పరీక్షే. ఈ 31 వేల ర్యాంకు చూసి నీకు ఇంజనీరింగ్ రాదని ఎవరైనా అంటే వినకు.

ఈలోగా మీరు చేయాల్సిన పని ఒకటుంది. రేపే మీసేవకి వెళ్లి ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. ఈ ఏడాది జనవరి 1 తర్వాత జారీ అయినదే పనికొస్తుంది. బీసీలకు రీయింబర్స్‌మెంట్ ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. కుల ధ్రువపత్రం, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కూడా ఒక ఫైల్‌లో పెట్టుకోండి, మధ్యలో స్కూలు మారి ఉంటే పాత స్కూలుకి ఇప్పుడే వెళ్లి తెచ్చుకోండి. సర్టిఫికెట్ల పరిశీలన రోజు ఒక్క కాగితం లేక వెనక్కి తిరిగిన కుటుంబాలు ప్రతి ఏడాదీ కనబడుతున్నాయి. స్లాట్ మొదటి రోజుల్లోనే బుక్ చేసుకుంటే, ఏదైనా తక్కువైనా తెచ్చుకోవడానికి మీకు నాలుగు రోజులు మిగులుతాయి.