ఫిబ్రవరి 16న పెళ్లి చేయకూడదా?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి వచ్చే ఫిబ్రవరి 16న పెట్టుకున్నాం. ఫంక్షన్ హాలుకు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. మొన్న ప్రార్థన కూటంలో ఒక సహోదరుడు, "రెండో నెల పదహారంటే మలాకీ 2:16. భార్యను విడిచిపెట్టడం నాకు అసహ్యం అని దేవుడు చెప్పింది అక్కడే. ఆ తేదీన చేస్తే విడాకులే" అన్నాడు. అప్పటినుంచి వియ్యపురాలు డేటు మార్చమంటున్నారు. మాకు ఒకటే టెన్షన్.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: మార్చొద్దమ్మా.

ఆ సహోదరుడికి మలాకీ ప్రవక్త పుస్తకమే ఎందుకు తట్టింది? 2:16, అంటే రెండో అధ్యాయం పదహారో వచనం, బైబిల్లో చాలా పుస్తకాల్లో ఉంది. పరమగీతము తీయండి: "నా ప్రియుడు నా వాడు, నేను అతనిదానను." అదీ 2:16నే! ఆదికాండములో అయితే అదే నంబరు దగ్గర దేవుడు ఆదామును తోటలో పండ్లన్నీ హాయిగా తినమంటున్నాడు. యోహానులో యేసుప్రభువు పావురాలు అమ్మేవాళ్లతో, నా తండ్రి ఇంటిని వ్యాపారపు ఇల్లు చేయొద్దంటున్నాడు. కట్నం బేరాలు నడిచిన పెళ్లిళ్లలో ఆ వాక్యం చదివిస్తే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది, అది వేరే సంగతి.

పైగా నెల ముందు, తేదీ వెనక రాయడం అమెరికావాళ్ల పద్ధతి. మనం 16-2 అని రాస్తాం. మలాకీకి పదహారో అధ్యాయం ఎక్కడుంది? మన బైబిల్లో ఉన్నవి నాలుగు. యూదుల హీబ్రూ బైబిల్లో మూడే; మన నాలుగోది వాళ్ల మూడోదాంట్లోనే కలిసి ఉంటుంది.

అసలు ఈ నంబర్లు ప్రవక్తలు వేసినవి కావు. ఇప్పుడున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దపు ఇంగ్లండు మతాధికారి స్టీఫెన్ లాంగ్టన్ చేసిందని చెబుతారు. మనం వాడే వచన సంఖ్యలను రాబర్ట్ ఎస్టియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు 1551లో గ్రీకు కొత్త నిబంధనకు వేశాడు, 1553లో మొత్తం బైబిలుకు. మలాకీ కాలానికీ దానికీ మధ్య సుమారు రెండు వేల ఏళ్లు. ఇక ఫిబ్రవరి అంటారా, అది రోమన్ల నెల.

మలాకీ కోపమంతా యౌవనంలో చేసుకున్న భార్యకు ద్రోహం చేసే మగవాళ్ల మీద. 14వ వచనం నుంచి చదవండి, తెలుస్తుంది. ఏ తేదీన పెళ్లయినా మీ అల్లుడు కూర్చుని వినాల్సిన మాటే అది.

మన పెద్దలు వర్జ్యం, దుర్ముహూర్తం వదిలేసి వచ్చారు. మనమేమో బైబిల్నే పంచాంగంలా తిరగేస్తున్నాం. శకునాలు చూడొద్దని ద్వితీయోపదేశకాండము 18:10లో ఉన్న సంగతి ఆ కూటంలో ఎవరికీ గుర్తురాలేదా?

వియ్యపురాలితో వాదన పెట్టుకోకండి. పాస్టరుగారిని వెంటబెట్టుకుని వెళ్లి, ఆవిడ ముందే మలాకీ రెండో అధ్యాయం మొత్తం చదివించండి, ఆ తర్వాత పరమగీతము. పనిలో పనిగా ఆయన్ని ఇంకోటి కూడా అడగండి: వచ్చే ఏడు భస్మ బుధవారం ఎప్పుడు పడింది? 16కు ముందే వస్తే లెంటు రోజులు, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు, మొదలైపోతాయి. చాలా సంఘాల్లో ఆ రోజుల్లో పెళ్లిళ్లు చేయరు. శుభలేఖలు అచ్చుకిచ్చేలోపే ఈ సంగతి తేల్చుకోండి.